జానకిరామ్ గారి వంతెన

ఆ ఏప్రిల్‌లో సూర్యప్రభ ఫోను మోగిందే తక్కువ. తెలియని నంబరు నుంచి మోగిన ఒక్కసారీ అది ఆమె కోసం కాదు, పోయిన భర్త కోసం.

"హలో, జానకిరామ్ అంకుల్ ఉన్నరా అండీ?" అంది అవతల ఒక ఆడపిల్ల గొంతు.

ఆయన పోయి రెండేళ్లు దాటింది. డబ్లిన్‌లో ఆయన్ని ఎరిగిన వాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. ముక్కూ మొహం తెలియని పిల్ల, ఆయన పక్కగదిలోనే ఉన్నట్టు, పిలిస్తే వచ్చి మాట్లాడతాడన్నట్టు అడిగేసరికి సూర్యప్రభ నిజంగానే వెనక్కి తిరిగి గది వైపు చూసింది.

"ఎవరమ్మా నువ్వు?"

"నా పేరు ధరణి, ఆంటీ. మాది కరీంనగర్. ఇక్కడ సివిల్‌ల మాస్టర్స్ చేస్తున్న. హ్యూస్టన్ బ్రిడ్జి మీద నా థీసిస్. లూవస్ ట్రాముల కోసం ఆ బ్రిడ్జిని గట్టి చేసిన టీంల తెలుగాయన ఒకరుండె అని మా సూపర్‌వైజర్ చెప్పిండు. మన తెలుగోళ్ల వాట్సాప్ గ్రూపుల అడిగితే లలితకుమారి ఆంటీ ఈ నంబర్ ఇచ్చింది."

లలితకుమారి నంబరైతే ఇచ్చింది గాని అసలు సంగతి చెప్పడం మరిచిపోయిందన్నమాట.

"ఆయన లేరమ్మా. పోయి రెండేళ్లయింది."

"అయ్యో! సారీ ఆంటీ. నాకు తెల్వదు. ఏమనుకోకుండ్రి. ఉంట మరి."

ఆ 'ఉంట మరి' వినగానే సూర్యప్రభకు ఎక్కడ లేని కంగారు పుట్టింది. కొళాయి కట్టేస్తే ఆగిపోయినట్టు ఆ గొంతు ఆగిపోతుంది. ఆ తర్వాత ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు తప్ప ఏమీ ఉండదు.

"ఆగమ్మా, పెట్టేయకు. ఆయన లేకపోతే ఏం, నేనున్నాగా. ఆ వంతెన సంగతులన్నీ రోజూ ఇంటికొచ్చి నాకు చెప్పేవారు. నీకేం కావాలో అడుగు."

అందులో సగమే నిజం. జానకిరామ్ చెప్పేవాడన్నది నిజం. ఆమె వినేదన్నది నిజం కాదు.

వాళ్లది కొవ్వూరు. జానకిరామ్ రెండు వేల సంవత్సరంలో ఐర్లండ్ వచ్చాడు. శాండీఫోర్డ్‌లో ఒక ఇంజనీరింగ్ కంపెనీలో ఉద్యోగం. పాత కట్టడాలు ఎంత బరువు మోయగలవో లెక్కగట్టడం ఆయన పని. లూవస్ అనే ట్రాము బండ్లు డబ్లిన్‌కు కొత్తగా వస్తున్న రోజులవి. ఆ పట్టాలు హ్యూస్టన్ వంతెన మీదుగా వేస్తున్నప్పుడు దాన్ని పరీక్షించి బలపరిచిన పెద్ద జట్టులో ఆయనా ఒకడు. సాయంత్రం కంచం ముందు కూర్చున్నాడంటే చాలు, ఇనుప కమాను, బోల్టులు, బరువులు అంటూ మొదలుపెట్టేవాడు. సూర్యప్రభ టీవీ వంక చూస్తూ ఊఁ కొట్టేది. పిల్లలు కలగలేదు. ఇంట్లో ఉన్నది ఇద్దరే కాబట్టి ఆయనకు చెప్పుకోవడానికి మరో మనిషి లేదు, ఆమెకు తప్పించుకోవడానికి మరో చోటు లేదు.

ఆయన పోయాక ఆమె ఊరికి తిరిగి వెళ్లలేదు. పార్క్‌గేట్ వీధి దగ్గర ఒక క్రెష్‌లో పిల్లల్ని చూసుకునే పని ఆమెకు అప్పటికే ఉంది. పొద్దున్నే తల్లుల చంకల్లోంచి ఆమె చేతుల్లోకి వచ్చే పసివాళ్లు, ముక్కులు తుడవడం, నిద్రపుచ్చడం, ఎర్ర జుట్టు పిల్ల ఒకతి "సూర్యా, సూర్యా" అంటూ కొంగు లాగడం, వీటితో రోజు గడిచిపోయేది. మార్చిలో వైరస్ వచ్చి క్రెష్ మూసేశారు. ఇంటికి రెండు కిలోమీటర్లు దాటి వెళ్లకూడదన్నారు. గార్డులు, అంటే అక్కడి పోలీసులు, రోడ్ల మీద నిలబడి ఎక్కడికి, ఎందుకు అని అడిగేవారు. హ్యూస్టన్ స్టేషన్ వెనక ఆమె ఉండే అపార్ట్‌మెంట్లలో సగం ఖాళీ అయ్యాయి. పక్కింటి ఐరిష్ ముసలాయన తలుపు సందులోంచే "ఆల్ గ్రాండ్?" అని కుశలం అడిగేవాడు. "గ్రాండ్, గ్రాండ్" అనేది ఆమె. రోజు మొత్తం మీద ఆమె నోటి నుంచి వచ్చే మాటలు అవే.

అలాంటి రోజుల్లో వచ్చింది ఆ ఫోను.

మొదటి రోజు నిజానికి చెప్పింది ధరణే. సూర్యప్రభ విన్నది. పదిహేనేళ్లు రోజూ పనికి దాటిన వంతెన గురించి అంత శ్రద్ధగా వినడం ఆమెకు అదే మొదటిసారి. ఇంగ్లండ్ రాజు ఒకాయన డబ్లిన్ వచ్చి వెళ్లిన గుర్తుగా చందాలు పోగుచేసి కట్టారట. అందుకే మొదట్లో దాని పేరు కింగ్స్ బ్రిడ్జి. ఇనుము పక్కనే ఉన్న పార్క్‌గేట్ వీధిలోని ఫౌండ్రీలోనే పోత పోశారట. గుర్రబ్బండ్లు నడిచాయి, తర్వాత బస్సులు, కార్లు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక రాజు పేరు తీసేశారు. పద్దెనిమిది వందల ఇరవైల్లో రాజు కోసం పోసిన ఇనుముకు, ఆ రాజ్యం మీద తిరగబడి తుపాకీ గుళ్లకు బలైన రైల్వే గుమస్తా కుర్రాడు హ్యూస్టన్ పేరు పెట్టారు.

"పేరు మారింది గని కిరీటాలు అట్లనే ఉన్నయ్ ఆంటీ, ఇనుములనే పోసిండ్రు కద. మీరు చూసే ఉంటరు."

"చూడకేం," అంది సూర్యప్రభ. చూడలేదు.

"ఎనభైలల్ల పక్కన ఇంకో బ్రిడ్జి కట్టినంక కార్లన్ని అటు పోయినయ్. దీనికి పని తగ్గింది. తర్వాత లూవస్ అచ్చింది. ఒక్క బ్రిడ్జి ఎన్ని తీర్ల బతికిందో, గదే నా ఫస్ట్ చాప్టర్. పుస్తకాలల్ల ఉన్నది దొరికింది. పని చేసినోళ్ల ముచ్చట్లే దొరుకతలేవు. సైట్‌ల ఏమన్న అయిందా ఆంటీ? అంకుల్ ఎప్పుడన్న చెప్పిండా?"

సూర్యప్రభ గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. కంచం ముందు కూర్చున్న మనిషి కనిపిస్తున్నాడు. పెరుగన్నంలో ఆవకాయ ముక్కను చివరిదాకా దాచుకోవడం కనిపిస్తోంది. పెదాలు కదులుతున్నాయి. మాటలు మాత్రం ఒక్కటీ వినిపించడం లేదు. టీవీ చప్పుడే వినిపిస్తోంది.

ఏమీ గుర్తులేదమ్మా అంటే ఆ పిల్ల సరే ఆంటీ, థాంక్స్ అంటుంది. అంతటితో అయిపోతుంది.

"చాలా ఉన్నాయమ్మా," అంది సూర్యప్రభ. "ఒక్కరోజుతో అయ్యేవి కాదు. శుక్రవారం చెయ్యి, తీరిగ్గా చెబుతాను."

మర్నాడు పొద్దున్నే ఆమె వంతెన మీదికి వెళ్లింది. స్టేషన్ ముందు టాక్సీలు లేవు, పెట్టెలు లాక్కుంటూ పరిగెత్తే జనం లేరు. బీరు కర్మాగారం వైపు నుంచి వేగిన బార్లీ వాసన వస్తోంది. లిఫీ నదిలోకి అక్కడిదాకా సముద్రపు పోటు వస్తుంది. అప్పుడు పాటు మీద ఉన్నట్టుంది, ఒడ్డున బురద తేలి సీగల్ పక్షులు పొడుచుకుంటున్నాయి. ఆమె వంగి చూసింది. నిజమే, కిరీటాలు ఉన్నాయి. ఇన్నేళ్లు పక్కనే నడిచింది. రాజు పోయాడు, పేరు పోయింది, ఇనుప కిరీటాలు మాత్రం తెల్లరంగు పూసుకుని ఉన్నాయి. ఒక ట్రాము వచ్చింది. లోపల ఒక్క మనిషి, నర్సు కాబోలు, కిటికీకి తల ఆనించి నిద్రపోతోంది. ట్రాము వెళ్లిపోయాక కాళ్ల కింద వణుకు ఒకటి కాసేపు ఉండి ఆగింది.

ఆ వణుకు దగ్గరే కథ పుట్టింది.

శుక్రవారం ధరణికి చెప్పింది. అది చలికాలమట. పాట్రిక్ అనే కుర్రాడు పరంజా మీద నిలబడి బోల్టు బిగిస్తుంటే కాలు జారి నీళ్లలో పడ్డాడట. పోటు మీదుంది నది. అందరూ అరుస్తున్నారట గాని ఎవరికీ కాళ్లూ చేతులూ ఆడలేదట. జానకిరామ్ ఆ రోజు సైట్ చూడటానికి వచ్చి ఉన్నాడట. గోదావరి ఒడ్డున పుట్టిన మనిషి కదా, కోటు విప్పి పారేసి, నడుముకు తాడు కట్టుకుని దిగాడట.

"నీళ్లలోకే?"

"నీళ్లలోకే. ఆ చలిలో. వారం రోజులు జ్వరం. నేను మిరియాల చారు కాచి పోశాను."

"అబ్బ! అంకుల్ హీరో ఆంటీ," అంది ధరణి. ఆ పిల్ల గొంతులోని సంబరానికి సూర్యప్రభ మొహం వేడెక్కింది. ఫోను పెట్టేశాక అద్దంలో చూసుకుంటే చెంపలు ఎర్రగా ఉన్నాయి.

ఇక అక్కణ్ణుంచి ఆగలేదు. పొద్దున వంతెన మీదికి వెళ్లడం, ఏదో ఒకటి చూడటం, దానికి ఒక కథ అల్లడం, ధరణి ఫోను చేసినప్పుడు చెప్పడం. పాట్రిక్ పెళ్లికి జానకిరామ్‌ను పెద్దమనిషిగా కూర్చోబెట్టారని చెప్పింది. ఒక మేస్త్రీ కిరీటాలు చెక్కేయాలని పట్టుబడితే, పాతవాటిని ఉంచడమే గౌరవమని జానకిరామ్ నచ్చజెప్పాడని చెప్పింది. ఏదీ జరగలేదు. అయినా చెబుతున్నంతసేపూ ఆయన నిలువెత్తున కళ్ల ముందు నిలబడేవాడు, పసుపు హెల్మెట్ పెట్టుకుని, ధైర్యంగా, నవ్వుతూ. బతికున్నప్పుడు ఆమె ఆయన్ని అంతసేపు చూసింది లేదు.

ధరణి కూడా థీసిస్ మాటల నుంచి మెల్లగా తన మాటల్లోకి వచ్చింది. వంతెన అవతల స్టోనీబాటర్‌లో ఒక పాత ఇంట్లో గది అద్దెకు తీసుకుంది. ఇంట్లో మరో నలుగురున్నారు గాని వైరస్ భయంతో ఎవరి గది తలుపు వాళ్లు వేసుకుని ఉంటున్నారు. వంటింట్లో ఎదురైతే పక్కకు తప్పుకుంటారు.

"ప్రెస్‌ల నా డబ్బాలు కూడ వేరేగ పెట్టుకుంటున్న ఆంటీ," అంది ఒకసారి. వంటింటి అలమరను అప్పటికే ఈ ఊరి వాళ్లలా ప్రెస్ అంటోంది. "రోజంత మాట్లాడకుంటే గొంతు కూడ బంద్ అయితది తెలుసా? పొద్దుగాల మీకు ఫోన్ చేసే ముందు ఒకసారి దగ్గి చూసుకుంట, మాటస్తదా లేదా అని."

సూర్యప్రభ నవ్వింది గాని, నేనూ అంతేనమ్మా అని మాత్రం అనలేదు. తాను ఏదో ఇచ్చే మనిషిలా ఉండటమే ఆమెకు బాగుంది.

మే నెలాఖరుకు బయట కలుసుకోవచ్చన్నారు, దూరదూరంగా నిలబడి. ఉత్తరం నుంచి ధరణి, దక్షిణం నుంచి సూర్యప్రభ వంతెన మధ్యకు వచ్చారు. ధరణి బక్కపలచటి పిల్ల, పెద్ద కళ్లజోడు, చలి లేకపోయినా చేతులు దాచేసే పొడుగు జాకెట్టు. రెయిలింగుకు చెరో చోట ఆనుకుని మాట్లాడుకున్నారు. ధరణి ఒక డబ్బాలో సకినాలు తెచ్చి, రెయిలింగు మొదట్లో దిమ్మె మీద పెట్టి వెనక్కి జరిగింది. సూర్యప్రభ వెళ్లి తీసుకుంది. చుట్టూ అలాంటి వాళ్లే ఉన్నారు. ఒక తల్లీ కూతురూ చేతులు చాచుకుని గాలిలోనే కౌగిలించుకున్నారు. సైకిలు పట్టుకుని ఒకడు, కాఫీ గ్లాసు పట్టుకుని ఒకతి, మధ్యలో రెండు బారల జాగా వదిలి గంటలకొద్దీ నిలబడ్డారు. ఒకప్పుడు రాజు పేరు మోసిన వంతెన, జనం ఆగకుండా దాటిపోయిన వంతెన, ఆ వేసవిలో మనుషులు ఆగి నిలబడే వరండాలా అయింది.

"ఆంటీ, పాట్రిక్ ఎక్కడ పడ్డడు? ఇటా, అటా?"

సూర్యప్రభ చెయ్యి చాచి చూపించింది. "అదిగో, అక్కడ." ధరణి ఫోనుతో ఆ చోటు ఫోటో తీసుకుంది. సూర్యప్రభ చాచిన చెయ్యి గబుక్కున వెనక్కి తీసుకుంది.

జూన్‌లో ఒక తుంపర రోజున ధరణి ముందే వచ్చి నిలబడి ఉంది. మాస్కు పైన కళ్లు మామూలుగా లేవు.

"ఆంటీ, పాట్రిక్ నీళ్లల్ల పడ్డది ఏ నెల? ఏ ఇయర్?"

"ఎందుకమ్మా ఇప్పుడు?"

"నేను చాప్టర్‌ల రాసిన కద. మా సూపర్‌వైజర్ చదివిండు. ఆయన ఆ టైంల ఈ బ్రిడ్జి పని దగ్గరినుంచి చూసిండట. సైట్‌ల మనిషి నీళ్లల్ల పడితే రిపోర్ట్ లేకుండ ఉండదు, పేపర్‌ల రాకుండ ఉండదు, నేనైతే ఇనలేదు అన్నడు. నేను కొట్లాడిన ఆంటీ. వాళ్ల ఇంట్లోళ్లే చెప్పిండ్రు, మీకు తెల్వకపోవచ్చు అన్న. మీరు ఒక్క డేట్ చెప్పుండ్రి, నేను ఎతుకుత."

ఏదో ఒక నెల చెప్పేయవచ్చు. ఆ పిల్ల నమ్ముతుంది. వెతుకుతుంది, దొరకదు, ఇంకోటి అడుగుతుంది. ఇంకో నెల చెప్పవచ్చు. సూర్యప్రభ నదిలోకి చూసింది.

"అలాంటిదేం జరగలేదమ్మా."

"అంటే?"

"ఎవరూ పడలేదు. పాట్రిక్ అనే వాడే లేడు. మా ఆయన ఆఫీసులో కూర్చుని లెక్కలు వేశారు. సైట్‌కి ఎన్నిసార్లు వచ్చారో కూడా నాకు సరిగ్గా తెలీదు. ఆయనకి అసలు ఈతే రాదు."

ధరణి కళ్లజోడు మీద తుంపర పడుతున్నా తుడుచుకోలేదు.

"మరి పెళ్లి? కిరీటాల ముచ్చట?"

"అవీ అంతే."

"ఎందుకు చెప్పిండ్రాంటీ?"

"నువ్వు మళ్లీ ఫోను చేస్తావని."

"ఊకె అడిగినా చేద్దును కద!" అంది ధరణి. "ఫోన్ చెయ్యమ్మా అంటే చెయ్యకపోదునా? నేను మా అమ్మకు చెప్పిన అంకుల్ గురించి. క్లాస్‌ల చెప్పిన. మా సార్ ముంగట నా మాట పోయింది ఇప్పుడు. ఇంక నేనేం రాసినా ఆయన నమ్ముతడా?"

సూర్యప్రభ ఒక అడుగు ముందుకు వేసింది. ధరణి రెండు అడుగులు వెనక్కి వేసింది. అది వైరస్ భయంతో వేసింది కాదని ఇద్దరికీ తెలుసు. ఆ పిల్ల జాకెట్టు టోపీ తల మీదికి లాక్కుని ఉత్తరం వైపు వెళ్లిపోయింది. మధ్యలో ట్రాము అడ్డం వచ్చింది. అది దాటేసరికి కనిపించలేదు.

ఆ తర్వాత సూర్యప్రభ రెండుసార్లు ఫోను చేసింది. ఎత్తలేదు. 'క్షమించమ్మా' అని మెసేజ్ పెట్టింది. చదివినట్టు గుర్తు పడింది, జవాబు రాలేదు. ఇంక చేయలేదు.

వేసవి మెల్లగా గడిచింది. షాపులు తెరిచారు, క్షౌరశాలలు తెరిచారు. క్రెష్ కూడా తెరిచారు గాని సగం మంది పిల్లలే వచ్చారు. ఆమెను కొన్నాళ్లు ఆగమన్నారు, వయసు మళ్లింది కదా, జాగ్రత్త అన్నారు. ఎర్ర జుట్టు పిల్ల వాళ్లు వేరే ఊరు మారిపోయారని ఎవరో చెప్పారు. సూర్యప్రభ పొద్దున్నే వంతెన మీదికి వెళ్లడం మాత్రం మానలేదు. ఇప్పుడు అల్లడానికి కథలేమీ లేవు, చెప్పడానికి మనిషీ లేదు. ఊరికే నిలబడేది. పోటు రావడం, తీయడం చూసేది. కిరీటాల వైపు చూస్తూ పసుపు హెల్మెట్ మనిషిని తలుచుకోబోయేది గాని, ఆ మనిషి మొహం ఇప్పుడు ఎవరిదోలా ఉండేది. తాను కల్పించిన జానకిరామ్ వెళ్లిపోయాడు. అసలు జానకిరామ్‌ను ఎక్కడ వెతకాలో తెలియడం లేదు. మొగుడు రెండోసారి పోయినట్టయింది. మొదటిసారి పోయినప్పుడు నలుగురూ వచ్చారు, వంటలు పంపారు, పక్కన కూర్చున్నారు. ఇది ఎవరితో చెప్పుకునేది?

ఒక్కొక్క రోజు వంతెన చివరిదాకా వెళ్లి స్టోనీబాటర్ వైపు చూసేది. అడుగు వేసేది కాదు.

ఆగస్టులో ఒక ఉదయం, ఎండ కాస్త గట్టిగానే కాస్తున్నప్పుడు, వంతెన మీద ఎవరో నేల మీద కూర్చుని ఉండటం దూరం నుంచే కనిపించింది. తాగుబోతేమో అనుకుంది. దగ్గరికొచ్చాక పొడుగు జాకెట్టు గుర్తుపట్టింది. ధరణి రెయిలింగుకు వీపు ఆనించి, మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని కూర్చుంది. మాస్కు గడ్డం కిందికి జారి ఉంది.

"ధరణీ! ఏమైందమ్మా?"

ధరణి తలెత్తింది. కళ్లు వాచిపోయి ఉన్నాయి.

"మా మామ పోయిండు ఆంటీ. కొండల్ మామ. మా అమ్మ తమ్ముడు. కరోనా వచ్చి దవాఖానల పడ్డడు, మంచిగైతాంది అన్నరు, నిన్న పోయిండు. ఇంటికి గూడ తేనియ్యలే. అక్కడికక్కడే కానిచ్చేసిండ్రు. అమ్మ ఫోన్‌ల ఏడుస్తాంది, నేనేం చెయ్యాలె? ఇక్కడి ఇంట్లోళ్లకు చెప్పిన. సారీ, సారీ అన్నరు, తలుపు ఎనకనుంచి. గదిల ఉండబుద్ధి కాలె. నాకు సైకిల్ నేర్పింది ఆయనే ఆంటీ. ఎనకంగ పట్టుకున్న అంటనే వదిలేసిండు, నేను చూసుకోకుండ శానా దూరం పోయిన..."

రెండు మీటర్ల దూరం అన్న మాట సూర్యప్రభకు గుర్తుంది. గుర్తుండగానే వెళ్లి పక్కన చతికిలబడి ఆ పిల్ల తల మీద చెయ్యి వేసింది. ఆ ఏడాది మార్చి తర్వాత ఆమె మరో మనిషిని తాకడం అదే. జుట్టు వేడిగా ఉంది, ఎండకు.

చాలాసేపు అలాగే కూర్చున్నారు. జనం పక్కకు జరిగి దాటిపోయారు.

"ఏదన్న చెప్పుండ్రి ఆంటీ," అంది ధరణి చివరికి. "అబద్ధమైనా సరే."

సూర్యప్రభ ఏం చెప్పాలా అని చూసింది. అంతలో స్టేషన్ వైపు నుంచి ట్రాము మలుపు తిరిగి వంతెన ఎక్కింది. పట్టాల పక్కన నేల మీద కూర్చున్న వాళ్లకు ఆ బరువు నడుం దాకా తెలిసింది. అప్పుడు ఒకటి గుర్తొచ్చింది. ఇన్ని నెలలూ వెతికినా దొరకనిది, ఎప్పుడూ కథగా అనుకోనిది.

"ఇది అబద్ధం కాదమ్మా," అంది. "లూవస్ మొదలైన కొత్తలో కొన్నాళ్లు టికెట్ లేకుండా ఎక్కనిచ్చారు. ఊరు ఊరంతా ఎగబడింది. ఎక్కుదాం రండి, మీరు లెక్కలేసిన వంతెనే కదా అని నేనే లాక్కొచ్చాను. స్టేషన్ దగ్గర ఎక్కాం. కాలు పెట్టే చోటు లేదు. బండి వంతెన ఎక్కిందో లేదో ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. ఎంత గట్టిగా అంటే గాజులు చర్మంలో దిగాయి. చూస్తే కళ్లు మూసుకుని ఉన్నారు, పెదాలు కదులుతున్నాయి. దండకం చదువుతున్నారనుకున్నా. దిగాక అడిగితే, లోపల ఎంతమంది ఉన్నారో లెక్కపెడుతున్నాను అన్నారు. అనుకున్నదానికంటే ఎక్కువమంది ఎక్కేశారట."

ధరణి ముక్కు ఎగబీల్చింది. "కని డిజైన్‌ల గదంత ఉంటది కద ఆంటీ. నిండ జనాన్ని లెక్కలకు తీసుకునే చేస్తరు."

"ఆయనకి తెలీదా? తెలుసు. అయినా భయం. నేను పెద్దగా నవ్వాను, అందరి ముందూ. ఆయన మళ్లీ జన్మలో ట్రాములో ఈ వంతెన దాటలేదు. నేను ఎక్కి కూర్చునేదాన్ని. ఆయన ఎక్కకుండా, వంతెన నడిచి దాటి, అవతల మ్యూజియం స్టాపు దగ్గర నన్ను కలిసేవారు. వానొచ్చినా అంతే. ఎన్నేళ్లు! వెటకారంగా అడిగేదాన్ని, మీ లెక్కల మీద మీకే నమ్మకం లేదా అని. లెక్కల మీద ఉంది, నువ్వెక్కావు కదా అందుకు భయం అనేవారు. పట్టాల పక్కనే బండి వైపు చూస్తూ నడిచేవారు, నేనున్న బండి దాటేదాకా."

ఆ చివరి మాట అనేదాకా ఆమెకే ఆ సంగతి అర్థం కాలేదు. ధరణి కళ్లజోడు తీసి జాకెట్టు చేతితో తుడుచుకుంది. ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో చెప్పడం కష్టం.

"అంకుల్ నీళ్లల్ల దుంకిన దానికంటె ఇది మంచిగుంది ఆంటీ," అంది. "ఇది ఎందుకు చెప్పలే మరి?"

"గొప్ప కాదనుకున్నానమ్మా."

ఎండ నడినెత్తికి వస్తోంది. ధరణి నిన్న మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదని తేలింది. సూర్యప్రభ లేచి చెయ్యి ఇచ్చింది. ఆ వారాల్లో ఇళ్లకు కొద్దిమంది రావచ్చని ప్రభుత్వం అంది గాని, సూర్యప్రభ ఇంటికి రావడానికి ఎవరూ లేకపోయారు. ఇద్దరూ దక్షిణం వైపు నడిచారు. దారిలో ధరణి వాళ్లమ్మకు ఫోను చేసింది. "ఒక ఆంటీ దగ్గర ఉన్ననే, ఒక్కదాన్నే లేను," అంది. అవతలి ఏడుపు సూర్యప్రభకు కూడా వినిపించింది.

ఇంట్లోకి వచ్చాక కిటికీలు తెరిచింది. ధరణి చేతులు కడుక్కుని సోఫాలో కూర్చుని, థీసిస్ పని అయిపోవచ్చిందని, పాట్రిక్ ఉన్న పేజీ తీసేశానని, తీసేసేటప్పుడు బాధేసిందని చెప్పింది. చెబుతూ చెబుతూనే పక్కకు ఒరిగి నిద్రపోయింది. సూర్యప్రభ ఆమె కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. పలచటి దుప్పటి కప్పింది.

వంటింట్లోకి వెళ్లి కుక్కరు తీసి, మళ్లీ లోపల పెట్టేసింది. విజిలేస్తే పిల్ల లేస్తుంది. గిన్నెలో ఎసరు పెట్టింది. బియ్యం డబ్బాలో గ్లాసు ముంచి పట్టుకుని నిలబడిపోయింది. ఇద్దరికి ఎంత పోయాలో ఆ చేతికి వెంటనే గుర్తురాలేదు.